ప్లాన్ 300, స్పీడ్ 94 దగ్గరే ఆగిందా? ముందు వైర్లు చూడండి

300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నారు, ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి స్పీడ్ టెస్ట్ చేస్తే 94 వస్తోంది. రాత్రి చూసినా 94, తెల్లవారుజామున చూసినా 94. నెట్ కంపెనీకి ఫోన్ చేసే ముందు కాస్త ఆగండి. బయటి లైన్‌లో రద్దీ ఉంటే ఆ నంబరు పైకీ కిందికీ ఊగుతుంది, ఇలా మేకు కొట్టినట్టు ఒకేచోట నిలబడదు. నిలబడిందంటే ఇంట్లోనే ఏదో ఒక లింకు (రెండు పరికరాల మధ్య వైరు కనెక్షన్) 100 ఎంబీపీఎస్‌కి పడిపోయిందని దాదాపు ఖాయం. 100 లింకు టెస్ట్‌లో 94గానే కనిపిస్తుంది.

ఏ లింకో తేల్చడం తేలికే. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ఈథర్‌నెట్ తెరిస్తే లింక్ స్పీడ్ కనిపిస్తుంది. 1000/1000 ఉండి కూడా టెస్ట్‌లో 94 వస్తుంటే, ఫైబర్ పెట్టె నుంచి రౌటర్‌కి వెళ్లే పొట్టి వైరు మార్చి చూడండి. దాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ తప్పు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

100/100 కనిపిస్తే, ముందు రౌటర్ పోర్టులు చూడండి. చవక రౌటర్ల అట్టపెట్టె మీద వైఫై నంబరు పెద్దగా ఉంటుంది, వెనక పోర్టులు మాత్రం 100వే. దానికి రౌటర్ మార్చడం తప్ప మందు లేదు. టీవీలో 94 వస్తే మాత్రం టెన్షన్ పడకండి, చాలా స్మార్ట్ టీవీల్లో పోర్టే 100ది, 4కె సినిమాకి అది సరిపోతుంది.

పోర్టులు గిగాబిట్‌వే (అంటే 1000 ఎంబీపీఎస్‌వే) అయితే తప్పు వైరుదే. 100కి నాలుగు తీగలు చాలు (1, 2, 3, 6 పిన్నులు), గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. మిగతా నాలుగింటిలో ఒక్క తీగ తెగినా, క్రింపింగ్‌లో (కనెక్టర్‌ని వైరుకి నొక్కి బిగించేటప్పుడు) సరిగా కూర్చోకపోయినా చాలా పరికరాలు చప్పుడు లేకుండా 100కి దిగిపోతాయి, నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కొన్ని ఇళ్లలో అయితే ఒకే వైరులోని నాలుగు తీగలు ఒక గదికి, మిగతా నాలుగు ఇంకో గదికి పంచేసి ఉంటాయి! గోడ జాక్ విప్పి చూస్తే తెలిసిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది ఇంకోటి ఉంది. మా ఇంట్లో పై గదికి లింక్ 1000 అనే చూపించేది, పెద్ద ఫైల్ కాపీ చేస్తే మాత్రం స్పీడ్ పడిపోయేది, మధ్యమధ్యలో లింకే తెగిపోయేది. వైరులోని తీగలన్నీ కలిశాయో లేదో చూపే టెస్టర్ పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లన్నీ వరసగా వెలిగాయి. చివరికి కనెక్టర్‌ని దగ్గరగా చూస్తే ఆరెంజ్ జత, ఆకుపచ్చ జత, నీలం జత, బ్రౌన్ జత అని పక్కపక్కనే పేర్చేసి ఉన్నాయి. చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది, కానీ 3, 6 పిన్నులకు ఒకే జత (కలిపి మెలితిప్పిన రెండు తీగలు) వెళ్లాలి. మెలితిప్పిన జత విడిపోతే పక్క జతల సిగ్నల్ ఇందులోకి దూరుతుంది, మామూలు టెస్టర్‌కి అది తెలీదు. సరైన వరస ఇది (చార అంటే ఆ రంగు గీత ఉన్న తెల్ల తీగ): ఆరెంజ్ చార, ఆరెంజ్, ఆకుపచ్చ చార, నీలం, నీలం చార, ఆకుపచ్చ, బ్రౌన్ చార, బ్రౌన్. కనెక్టర్ క్లిప్పు కిందికి, వైరు మీ వైపు ఉండేలా పట్టుకుని ఎడమ నుంచి లెక్కపెట్టాలి. రెండు చివర్లా ఇదే వరస ఉండాలి, మెలిక అర అంగుళం మించి విప్పకూడదు. రెండు కనెక్టర్లు కోసి కొత్తవి క్రింప్ చేశాక మాకు మళ్లీ ఆ సమస్య రాలేదు.

కనెక్టర్ బాగున్నా లింక్ నిలవకపోతే తీగని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనబడితే అది అల్యూమినియం మీద రాగి పూత వేసిన వైరు. రెండుసార్లు వంచితే విరుగుతుంది, దాని మీదుగా కెమెరాలకి కరెంటు పంపితే వేడెక్కుతుంది. మొహమాటం లేకుండా తీసేయండి. కొత్త వైరుని పాతదాని చివర గట్టిగా కట్టి లాగితే అదే పైపులోంచి వస్తుంది, కాకపోతే ఆ పైపులో కరెంటు వైర్లు ఉండకూడదు.

ఇవన్నీ సరిచేశాక గిగాబిట్ ప్లాన్‌లో 940 దాకా వస్తే అది పూర్తి స్పీడే, మిగతాది డేటా ప్యాకెట్ల చిరునామాల్లాంటి వాటికే పోతుంది. రేపు 2.5 గిగాబిట్‌కి మారాలనుకున్నా, అసలు రాగితో చేసిన క్యాట్ 5ఈ రకం నెట్‌వర్క్ వైరు 100 మీటర్ల వరకు దాన్ని మోస్తుంది, గోడలు పగలగొట్టక్కర్లేదు.