బెంగళూరు వీధుల్లో ఫోటోలు: ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు తప్పుకోవాలి

వీధి ఫోటోకు కెమెరా కన్నా కాళ్లు ముఖ్యం. సిటీ మార్కెట్లో తప్పు చోట నిలబడితే ఫోటో ఒక్కటే పోతుంది. ఊరేగింపులో అయితే నలిగిపోతారు, గొడవలో అయితే తల పగులుతుంది. నేరం జరిగిన చోట తప్పుగా నిలబడితే ఒకరికి దక్కాల్సిన న్యాయమే చెడిపోవచ్చు. అందుకే ఇక్కడ లెన్సుల కన్నా నిలబడే చోటు గురించే ఎక్కువ రాస్తున్నాం.

ముందు మార్కెట్లో చేయి తిరగాలి

అందరూ సిటీ మార్కెట్ అని పిలిచే కేఆర్ మార్కెట్‌ను మించిన బడి లేదు. తెల్లారకముందే బంతి, చామంతి, మల్లె మూటలు దిగుతాయి. ముందు పై అంతస్తు వరండా ఎక్కండి. అక్కడి నుంచి కిందికి చూస్తే పూల రాశులు, తట్టలు, బేరాలు అన్నీ ఒక్క చూపులో అందుతాయి. ఎవరికీ అడ్డు రాకుండా అరగంట చూసి, మూటలు ఏ దారిన వస్తున్నాయో కనిపెట్టి, ఆ తర్వాతే కిందికి దిగండి.

కింద ఆటోఫోకస్‌ను నమ్ముకుంటే వేలాడే దండల మీదో, తాడు మీదో ఆగిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాకు 28 ఎంఎం లెన్సు పెట్టి, అపెర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్8కు, ఫోకస్ చేత్తో 2.5 మీటర్లకు తిప్పి వదిలేయండి. సుమారు 1.4 మీటర్ల నుంచి 10 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. అదే 35 ఎంఎం అయితే 1.7 నుంచి 4.9 మీటర్ల దాకానే, కాబట్టి దూరం అంచనా గట్టిగా ఉండాలి. ఆ అంచనాకు వీధిలోనే కొలబద్ద ఉంది: ఆగి ఉన్న ఆటో పొడవు దాదాపు 2.6 మీటర్లు. వారం రోజులు కనబడిన ప్రతి ఆటోనూ అలా చూస్తే కంటికి కొలత పట్టుబడుతుంది. క్రాప్ (చిన్న) సెన్సర్ కెమెరాకు 28కి బదులు 18 ఎంఎం చాలు.

షట్టర్ 1/250 సెకను, ఐఎస్‌ఓ (సెన్సర్ కాంతి గ్రహించే శక్తి) ఆటోలో, పై హద్దు 6400. ఎల్‌ఈడీ బల్బుల కింద ఫోటోలో అడ్డంగా నల్ల చారలు పడితే కెమెరా పాడైందని కంగారు పడొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షట్టర్‌ను 1/100కో 1/50కో దించితే చాలావరకు చారలు పోతాయి. ఆ వేగంలో నడిచే మనిషి చెదురుతాడు కాబట్టి దండ కట్టే వేళ్లు, మూర కొలిచే మోచేయి, తక్కెడ వైపు చూసే కళ్లు తీయండి. ఇంకో చిక్కు బంతిపూల రంగు. స్క్రీన్ మీద బాగానే కనబడినా ఎరుపు, నారింజ మితిమీరి, రేకులన్నీ కలిసిపోయి ముద్దలా వస్తాయి. ఎక్స్‌పోజర్ 0.7 స్టాపు తగ్గించి రా ఫైలులో (కెమెరా మార్పులు చేయని అసలు డేటాలో) తీస్తే రేకులు విడివిడిగా నిలుస్తాయి. నీలం టార్పాలిన్ కింద ముఖాలకు పట్టే నీలి ఛాయను కూడా రా ఫైలులోనే సరిచేయగలం.

మూట మోసే హమాలీకి దారి వదలండి. అంత బరువుతో వచ్చే మనిషి మీ కోసం ఆగలేడు. అడిగి తీయడానికి మొహమాటం వద్దు. పూలమ్మే చాలామందితో తెలుగులోనే మాట్లాడొచ్చు, లేదంటే "అక్కా, ఒందు ఫోటో తెగీబహుదా?" (ఒక ఫోటో తీయొచ్చా?) అంటే చాలు. "బేడ" (వద్దు) అన్నారంటే కెమెరా దించేయాలి. ఆ మాట విన్నాక పక్కకు వెళ్లి జూమ్ చేసి తీయడం దొంగతనం లాంటిదే.

జనంలో మసలడం నేర్చుకోవడానికి కార్తీకం చివరి సోమవారం బసవనగుడిలో జరిగే కడలేకాయి పరిషెకు వెళ్లండి. వేరుశనగ రాశుల మధ్య జనం కిక్కిరిసి ఉంటారు, కానీ ఎవరికీ కోపం ఉండదు. అక్కడ ఊపిరి ఆడక అల్లాడిపోయేవారు నిరసనల జోలికి ఇంకా వెళ్లకూడదు.

నిరసనలో

2021 నాటి ఉత్తర్వు ప్రకారం నగరంలో ధర్నాలు ఫ్రీడం పార్కులోనే జరగాలి. అది ఒకప్పటి సెంట్రల్ జైలు. రైల్వే స్టేషన్ దగ్గర దిగిన జనం ఆనందరావు సర్కిల్ మీదుగా శేషాద్రి రోడ్డు పట్టుకుని అక్కడికి చేరడం మామూలు. ఒక గంట ముందే వెళ్లి ఆ దారంతా నడవండి. బయటపడే సందులు రెండైనా గుర్తుపెట్టుకోండి, అవతలి కొస తెరిచే ఉందో లేదో స్వయంగా చూడండి.

వేదిక మీద ప్రసంగాల ఫోటోలు అందరి దగ్గరా ఒకేలా ఉంటాయి. రాత్రి రైల్లో వచ్చి రోడ్డు పక్కన సంచి తలకింద పెట్టుకుని పడుకున్న ఆడవాళ్లు, పంచుకునే చిత్రాన్నం పొట్లాలు, అరిగిన చెప్పులు, చేత్తో రాసిన అట్టముక్కలు ప్రసంగాలకు ముందే దొరుకుతాయి. వచ్చిన కారణం తెలిసేది వాటిలోనే. అట్టల మీది కన్నడ చదవడం రాకపోతే పక్కవారిని అడిగి అర్థం రాసుకోండి. అర్థం తెలియని నినాదాన్ని ఫోటోలో పెట్టొద్దు.

జనం ఒత్తిడిని తేలిగ్గా తీసుకోకండి. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. మూసిన గేటు, సన్నబడే దారి, మెట్లు, బారికేడ్ మూల, ఈ నాలుగు చోట్లా నిలబడకూడదు. రెండు భుజాలకూ జనం తగులుతుంటే అప్పుడే కదలాలి. చేయి పైకెత్తడం కష్టమయ్యిందంటే ఇప్పటికే ఆలస్యమైంది. అప్పుడు చేతులు ఛాతీ ముందు అడ్డుపెట్టి ఊపిరికి చోటు ఉంచుకోండి. ఎదురు తోయకుండా, జనం కాస్త సడలినప్పుడల్లా ఏటవాలుగా అంచు వైపు జరగండి. లెన్సు మూత పడిపోతే వంగి తీసుకోవద్దు. మెడలో వేసుకునే పట్టీ కూడా వద్దు, ఎవరైనా పట్టి లాగితే ఉరిలా బిగుస్తుంది. మణికట్టు పట్టీ వాడండి.

గొడవ మొదలైతే

2016 సెప్టెంబరు 12న కావేరి గొడవల్లో, 2020 ఆగస్టు 11 రాత్రి డీజే హళ్లి, కేజీ హళ్లిలో ఈ నగరం తగలబడింది. వీధి మారే ముందు గుర్తులు కనబడతాయి. దుకాణాల షట్టర్లు వరసగా దిగుతాయి, సిటీ బస్సులు మధ్యలోనే జనాన్ని దించేసి వెనక్కి తిరుగుతాయి, పోలీసులు టోపీలు తీసి హెల్మెట్లు పెడతారు, వ్యాన్లు రోడ్డుకు అడ్డంగా ఆగుతాయి, మైకులో హెచ్చరిక మొదలవుతుంది. ఏ పత్రికా వెనక లేనివారు హెల్మెట్లు కనబడగానే బయటికి రావాలి. ఇందులో మాకు రెండో మాట లేదు. గుమిగూడటాన్ని నిషేధించే పాత 144 సెక్షన్ 2024 జులై నుంచి కొత్త క్రిమినల్ ప్రక్రియ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 163గా మారింది. ఆ ఉత్తర్వు ఉన్నచోట చెదిరిపొమ్మన్నాక కూడా నిలబడితే కెమెరా ఉన్నా మిమ్మల్నీ ఆ గుంపులో మనిషిగానే లెక్కగడతారు.

పని మీదే ఉండాల్సి వస్తే జనానికీ పోలీసులకూ మధ్య ఎప్పుడూ ఉండొద్దు. పక్క నుంచి, వీపుకు గోడ, చేతికందే దూరంలో సందు ఉండేలా నిలబడండి. రాళ్లు మిద్దెల మీది నుంచీ వస్తాయి, కాబట్టి గోడ పక్కన ఉన్నప్పుడు ఎదుటి మిద్దె మీద కన్నుంచాలి. ఒంటరిగా వెళ్లొద్దు. ఒకరు వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినప్పుడు ఇంకొకరు చుట్టూ చూడాలి. ఇంటర్నెట్ ఆగిపోవచ్చు, కాబట్టి విడిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోండి.

ఐఎస్‌ఐ గుర్తున్న హెల్మెట్, మందపాటి నూలు బట్టలు, తాళ్లు బిగించిన బూట్లు వేసుకోండి. నైలాన్, పాలిస్టర్ బట్టలు మంటకు కరిగి ఒంటికి అంటుకుంటాయి. ఖాకీ వద్దు, ఏ పార్టీ రంగూ వద్దు. షట్టర్ 1/1000, ఫోకస్ కంటిన్యువస్ (కదిలేవాటిని వెంబడించేది). 24-70 ఎంఎం జూమ్ లెన్సు ఒక్కటే పెట్టుకోండి, అక్కడ లెన్సు మార్చే తీరిక దొరకదు.

బాష్పవాయువు వదిలితే గాలికి ఎదురుగా, ఎత్తైన వైపుకు నడవండి. ఆ పొగ బరువు, పల్లంలో నిలిచిపోతుంది. కళ్లు నలపకుండా శుభ్రమైన నీళ్లు ధారగా పోయాలి. కాంటాక్టు లెన్సులు ఇంట్లోనే తీసి రండి. వాయువు వెలువడే గొట్టం కాలుతూ ఉంటుంది, ముట్టుకోవద్దు. మండే బస్సుకు కనీసం 50 మీటర్లు ఎడంగా ఉండాలి. టైర్లు పేలతాయి, అద్దాలు ఎగురుతాయి.

నేరం జరిగిన చోట

మీరే ముందు చేరితే ఫోటో కన్నా ముందు 112కు ఫోను. బతికున్నవారికి సాయం అందేదాకా కెమెరా సంచిలోనే ఉండాలి.

పోలీసుల టేపు దాటొద్దు. టేపు ఇంకా కట్టకపోయినా రక్తం, చెప్పు, పగిలిన గాజు కనబడే మేర అడుగు పెట్టొద్దు. మీ బూటు ముద్ర, మీరు పారేసిన నీళ్ల సీసా ఫోరెన్సిక్ వాళ్లకు లేనిపోని దారి చూపిస్తాయి. డివైడరు మీద నుంచి 70-200 ఎంఎం జూమ్ లెన్సుతో తీయండి: ముందు వీధి మొత్తం, తర్వాత పని చేస్తున్న పోలీసులు, చివరికి ఒకటో రెండో వస్తువులు. ఫ్లాష్ వాడితే పోలీసుల చొక్కాల మీది మెరిసే పట్టీలు, నంబరు ప్లేట్లు వివరాలు పోయి తెల్లటి మచ్చలవుతాయి. జీపు మీది ఎరుపు, నీలం దీపాలు వెలిగి ఆరుతుంటాయి కాబట్టి వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) 4000 కెల్విన్ దగ్గర కట్టేసి, ఒక్కోసారి అయిదారు ఫ్రేములు తీస్తే ఒకటైనా నిలుస్తుంది.

నిందితుల ముఖానికి ముసుగు వేసి తెచ్చారంటే గుర్తింపు పరేడ్ (సాక్షి నిందితుణ్ని వరుసలోంచి గుర్తుపట్టడం) ఇంకా జరగలేదేమో అనుకోవాలి. ముసుగు జారిన క్షణాన్ని మీరు పట్టి బయటపెడితే, సాక్షి ముఖాన్ని వీధిలో గుర్తుపెట్టుకున్నాడా, మీ ఫోటోలోనా అని కోర్టులో అడుగుతారు. కేసు బలహీనమయ్యేది అక్కడే.

చట్టం కచ్చితంగా ఉన్న చోట్లు ఇవి. నేరంలో చిక్కుకున్న పిల్లలెవరైనా, బాధితులైనా నిందితులైనా, ఎవరో తెలిసేలా చూపితే బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే కొత్త శిక్షాస్మృతి బీఎన్‌ఎస్ 72 కింద రెండేళ్ల దాకా జైలు. గుర్తింపు అంటే ముఖం ఒక్కటే కాదు. బడి యూనిఫాం, ఇంటి ముందు ముగ్గు, గుమ్మం రంగు, నాన్న ఆటో నంబరు చాలు, ఆ వీధివాళ్లు పోల్చుకుంటారు.

రాతలోనూ జాగ్రత్త కావాలి. కేసు పెట్టకముందు అనుమానితుడు, పెట్టాక నిందితుడు, కోర్టు తీర్పు వచ్చాకే దోషి. ఫోటో కింద ఈ మూడు మాటలు తారుమారైతే ఒక మనిషి బతుకే తారుమారవుతుంది.

ఫైళ్లు

బయల్దేరే ముందు కెమెరా గడియారాన్ని ఫోనుతో సరిచూడండి. ఏ నిమిషాన ఏం జరిగిందన్నది రేపు పెద్ద ప్రశ్న కావచ్చు. అసలు ఫైలును ముట్టుకోకుండా రెండు చోట్ల దాచండి, మార్పులన్నీ నకలు మీదే చేయండి. కోర్టుకు ఇవ్వాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియం 63 కింద ధ్రువపత్రంలో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి, ఒక్కసారి మార్చి సేవ్ చేసినా ఆ విలువ మారిపోతుంది. ముఖం దాచాలంటే మసకబార్చడం చాలదు, నల్ల పట్టీ వేసి కొత్త జేపెగ్‌గా తీసి, లొకేషన్ వివరాలు చెరిపేయండి.

పోలీసులు కెమెరా స్వాధీనం చేసుకుంటే వాదనకు దిగకుండా, స్వాధీనం చేసుకున్నట్టు రాతపూర్వక పత్రం అడగండి. ఎవరైనా బెదిరించి ఫోటోలు చెరిపించినా పెనుగులాడొద్దు. కెమెరాలో చెరిపితే సాధారణంగా పోయేది జాబితాయే, కొత్త ఫోటో మీద పడేదాకా పాతది కార్డులోనే ఉంటుంది. కాబట్టి అక్కడి నుంచి బయటపడగానే ఆ కార్డు తీసి, లాక్ మీట ఉంటే జరిపి, జేబులో వేసుకోండి. దాని మీద ఇంకొక్క ఫ్రేము కూడా తీయకుండా, ఇంటికెళ్లి రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపి, దొరికినవాటిని వేరే డిస్కులోకి దించుకోండి.