కోడ్ రాసే ముందు క్లాసుకో కార్డు

ప్రోగ్రాంలో కొత్త క్లాసు, అంటే కొంత డేటానీ దానితో చేసే పనులనీ ఒకచోట పెట్టే కోడ్ భాగం, మొదలుపెట్టే ముందు నేను ఒక అట్ట కార్డు తీసుకుంటాను. పైన క్లాసు పేరు, ఎడమవైపు అది చేయాల్సిన పనులు, కుడివైపు ఆ పనుల కోసం అది అడగాల్సిన వేరే క్లాసులు. వీటిని సీఆర్‌సీ (క్లాస్, రెస్పాన్సిబిలిటీ, కొలాబరేటర్: క్లాసు, దాని పనులు, తోడు క్లాసులు) కార్డులంటారు. 1989లో కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణులు ఈ పద్ధతిని పరిచయం చేసినప్పుడు 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవున్న కార్డు వాడారు. పనులు దాంట్లో పట్టలేదంటే క్లాసు పెద్దదైపోయిందని అర్థం.

నేను దీని విలువ తెలుసుకుంది ఒక మెడికల్ షాపు బిల్లింగ్ ప్రోగ్రాం రాసేటప్పుడు. 'మందు' అనే క్లాసులోనే పేరు, ధర, ఎక్స్‌పైరీ, స్టాకు అన్నీ పెట్టేశాను. కొత్త సరుకు రాగానే ధర మార్చాం. అరలో మిగిలిన పాత స్ట్రిప్పుల మీద పాత ఎమ్మార్పీ, బిల్లులో మాత్రం కొత్తది. ఒక పెద్దాయన స్ట్రిప్పు తిప్పి చూపించి అడిగితే షాపాయన ఏం చెప్పగలడు? ఎమ్మార్పీ, ఎక్స్‌పైరీ బ్యాచ్‌వి, అంటే ఒకేసారి తయారైన సరుకువి, మందువి కావు. కార్డు రాసి ఉంటే ఆ రోజే తెలిసేది.

కార్డు మీద ప్రతి పనినీ క్రియతో రాయండి. 'ఎక్స్‌పైరీ తేదీ' అని రాస్తే అది డేటా మాత్రమే. 'ఎక్స్‌పైరీ అయిందో లేదో చెబుతుంది' అంటే పని. ఇలా రాస్తే నా కార్డులు మారిపోయాయి. బ్యాచ్ తన ఎమ్మార్పీ చెబుతుంది, అడిగినన్ని మాత్రలు ఇస్తుంది. స్టాకు ముందుగా ఎక్స్‌పైర్ అయ్యే బ్యాచ్‌ని ఎంచుతుంది. బిల్లు మొత్తం కూడుతుంది. పేరు చివర 'మేనేజర్' అని పెట్టాలనిపిస్తే ఆగండి, దాని పని ఏమిటో ఇంకా తేలలేదు.

తర్వాత కార్డులు తలా ఒకటి పట్టుకుని ఒక బేరం నడిపించండి. ఇది వదలొద్దు. కస్టమర్ 15 మాత్రలు అడిగాడు, మొదటి బ్యాచ్‌లో 10 ఉన్నాయి. బిల్లు స్టాకుని అడిగింది, స్టాకు రెండు బ్యాచ్‌ల నుంచి 10, 5 తెచ్చింది. ఎమ్మార్పీలు వేరు కాబట్టి ఒకే మందుకు బిల్లులో రెండు లైన్లు కావాలి. ఆ సంగతి మాకు బల్ల దగ్గరే తెలిసింది, ఒక్క లైను కోడ్ రాయకముందే.

చివరికి కార్డులోని మాటలనే కోడ్‌లో క్లాసు పైన కామెంట్‌గా, అంటే చదివేవాళ్ల కోసం రాసే వివరణగా, పెట్టండి. లోపల ఎలా చేస్తుందో అక్కడ రాయక్కర్లేదు, అది రేపు మారొచ్చు. ఏం చేయదో మాత్రం తప్పకుండా రాయండి. మా బ్యాచ్ క్లాసు మీద ఇలా ఉంది: 'ఒకేసారి తయారైన మాత్రల లెక్క, ఎమ్మార్పీ దీని బాధ్యత. ఎక్స్‌పైరీ దాటితే ఒక్క మాత్ర కూడా ఇవ్వదు.'