జానపద పాటకు రివర్బ్ ప్లగిన్: ఎంపిక, వాడకం

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ప్రాంతాలలో ఒక ల్యాప్‌టాప్, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు పెట్టుకొని ఇంట్లోనే పాటలు రికార్డు చేసే యువకులు ఇప్పుడు ఊరూరా కనిపిస్తున్నారు. వారి పాటల్లో గొంతు బాగుంటుంది, డప్పు బాగుంటుంది, అయినా చాలాసార్లు సాహిత్యం సగమే అర్థమవుతుంది. దానికి ముఖ్య కారణం రివర్బ్, అంటే గొంతు ఆగాక కూడా కాసేపు మిగిలే మోత. జానపద పాటకు ప్రాణం మాటలోనే ఉంది కాబట్టి, ఏ ప్లగిన్ (రికార్డింగు సాఫ్ట్‌వేర్‌కు జోడించే చిన్న ప్రోగ్రామ్) ఎంచుకున్నా, ఏ మీట తిప్పినా, పాడినవారి ప్రతి అక్షరం వినేవారికి అందుతున్నదా అన్నదే మొదటి పరీక్ష కావాలి.

ప్లగిన్ కంటే ముందు రికార్డింగు జరిగే గదిని చూసుకోవాలి. మన ఇళ్లలో స్లాబు కింద, సిమెంటు ప్లాస్టరింగు చేసిన గోడల మధ్య, గ్రానైటు నేల మీద పాడితే ఆ చిన్న గది మోత గొంతుతో పాటే మైకులోకి వెళ్తుంది. దాని మీద ఎంత ఖరీదైన హాల్ రివర్బ్ వేసినా, ఆ హాలులో మళ్లీ ఒక చిన్న గది మోగినట్టే ఉంటుంది. పాడేవారి వెనుక, పక్కల మందపాటి బొంతలు వేలాడదీసి, మైకును జానెడు దూరంలో ఉంచి రికార్డు చేస్తే గొంతు పొడిగా, అంటే గది మోత లేకుండా వస్తుంది. పొడి గొంతుకు తడి, అంటే రివర్బ్, కలపవచ్చు గాని, ఒకసారి చేరిన తడిని పూర్తిగా తీయడం సాధ్యం కాదు.

ప్లగిన్లు ప్రధానంగా రెండు రకాలు. అల్గారిథమిక్ రివర్బ్ ప్రతిధ్వనులను లెక్కల ద్వారా పుట్టిస్తుంది; కన్వల్యూషన్ రివర్బ్ ఒక నిజమైన స్థలం ఎలా మోగుతుందో రికార్డు చేసిన ఇంపల్స్ రెస్పాన్స్‌ను తీసుకొని, మన ధ్వని ఆ స్థలంలో మోగినట్టు చేస్తుంది. రెండోది సహజంగా ఉంటుంది కాని దాన్ని మన పాటకు తగినట్టు మలచుకునే వెసులుబాటు తక్కువ, పాత కంప్యూటర్ మీద భారం కూడా ఎక్కువ పడవచ్చు. గొంతుకు రోజూ వాడడానికి అల్గారిథమిక్ రకమే అనువైనదని నా అభిప్రాయం.

ప్లగిన్‌లో కనిపించే పేర్ల వెనుక పాత పరికరాలు ఉన్నాయని తెలిస్తే ఎంపిక సులువవుతుంది. ప్లేట్ అనేది 1957లో జర్మనీకి చెందిన ఈఎంటీ సంస్థ తెచ్చిన 140 అనే యంత్రం నుంచి వచ్చింది. అందులో ఒక పెద్ద ఉక్కు రేకును కంపింపజేసి, ఆ కంపనాన్ని తిరిగి పట్టుకునేవారు. రేకులో గది గోడలు లేవు కాబట్టి దూరం తెలిపే తొలి ప్రతిధ్వనులు విడిగా వినిపించవు. మొదటి నుంచే దట్టంగా మోగుతుంది, గొంతు వెనక్కి పోదు. అందుకే ఒంటరి గొంతుకు నేను ముందుగా ప్లేట్‌నే పెట్టి చూడమంటాను. హాల్ విశాలమైనది, కాని గాయకుణ్ని దూరం జరుపుతుంది. రూమ్ పొట్టిది, వాద్యాలను ఒకే చోట కూర్చోబెట్టడానికి పనికొస్తుంది.

కొనడానికి తొందరపడవలసిన అవసరం లేదు. మీ రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లోనే, అంటే రీపర్‌లో రియావెర్బ్, రియావెర్బేట్, ఎఫ్ఎల్ స్టూడియోలో ఫ్రూటీ రీవర్బ్ 2, లాజిక్‌లో స్పేస్ డిజైనర్, క్రోమావెర్బ్ ముందే ఉంటాయి. ఉచితంగా దొరికే డ్రాగన్‌ఫ్లై రివర్బ్‌లో హాల్, రూమ్, ప్లేట్, తొలి ప్రతిధ్వనులు అని నాలుగు వేర్వేరు ప్లగిన్లు ఉన్నాయి. మన పనికి ఇది చాలావరకు సరిపోతుంది. వల్హల్లా సూపర్‌మాసివ్ కూడా ఉచితమే గాని అది అతి పొడవైన, అలలు అలలుగా సాగే ధ్వనుల కోసం చేసినది, కథ చెప్పే పాట మీద దాన్ని వేయవద్దు. పెన్‌డ్రైవుల్లో చేతులు మారే దొంగ కాపీల జోలికి అసలే వెళ్లవద్దు. వాటితో వైరస్ వస్తే నెలల తరబడి చేసిన ప్రాజెక్టులే పోవచ్చు.

పోల్చి చూసేటప్పుడు ఒకే చరణాన్ని, ఒకే శబ్ద స్థాయిలో, రెండు ప్లగిన్లలో వినాలి. ఏది కాస్త గట్టిగా మోగితే అదే మంచిదని చెవి మోసపోతుంది. తర్వాత ఒక్క చప్పట్ల దెబ్బను పంపి, దాని తోకను, అంటే దెబ్బ తర్వాత మిగిలే మోతను, చివరిదాకా వినండి. తోకలో ఇనుప గొట్టంలాంటి గణగణ వినిపిస్తే ఆ ప్లగిన్ డప్పుకు పనికిరాదు. హార్మోనియం పట్టిన ఒకే స్వరాన్ని కూడా పంపి చూడాలి, ఎందుకంటే కొన్ని ప్లగిన్లలోని మాడ్యులేషన్ శ్రుతిని సన్నగా ఊపుతుంది. అలా ఊగితే ఆ మీటను తగ్గించాలి.

ఇక అమరిక. రివర్బ్‌ను గొంతు ట్రాక్ మీదనే వేయకుండా, వేరే ఒక ఆక్స్ ట్రాక్‌లో (ఇతర ట్రాకుల ధ్వనిని అందుకునే అదనపు ట్రాక్) వేసి, వెట్‌ను (రివర్బ్ పాలు) 100 శాతం చేసి, గొంతు నకలును సెండ్ అనే మీట ద్వారా అక్కడికి పంపడం మంచి పద్ధతి. అప్పుడు గొంతు, రివర్బ్ రెండింటినీ విడివిడిగా సరిదిద్దవచ్చు. ఆ ఆక్స్‌లో ప్లగిన్‌కు ముందు ఒక ఈక్యూ (ధ్వనిలోని కింది, పై భాగాలను తగ్గించే, పెంచే సాధనం) పెట్టి 250 లేదా 300 హెర్ట్జ్ కంటే కింది భాగాన్ని, 7 వేల హెర్ట్జ్ కంటే పై భాగాన్ని కోసేయండి. కింది భాగం మిగిలితే పాట బురదబురదగా ఉంటుంది, పై భాగం మిగిలితే స, శ, చ అక్షరాలు తోకలో బుసకొడతాయి.

డికే సమయాన్ని పాట నడక నిర్ణయించాలి. ధ్వని 60 డెసిబెళ్లు తగ్గడానికి పట్టే సమయాన్ని డికే అంటారు. బతుకమ్మ పాటలో ముందు పాడేవారు ఒక పాదం పాడాక వంతలు ‘ఉయ్యాలో’ అని దీర్ఘం తీస్తారు; ఆ దీర్ఘపు తోక తర్వాతి పాదంలోని మొదటి మాటను మింగేస్తే డికే ఎక్కువైనట్టే. నడక చురుకైన పాటకు 1 నుంచి 1.4 సెకన్లు, నిదానమైన పాటకు 2 సెకన్ల దాకా పెట్టి మొదలుపెట్టవచ్చు. ప్రీ డిలే అంటే మాటకూ ప్రతిధ్వనికీ మధ్య ఇచ్చే ఎడం. 60,000ను పాట వేగంతో భాగిస్తే ఒక తాళపు దెబ్బ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. వేగం నిమిషానికి 100 అయితే 600. దానిలో పదహారో వంతు, అంటే సుమారు 37 మిల్లీసెకన్లు పెడితే హల్లు శుభ్రంగా పలికాకనే రివర్బ్ అందుకుంటుంది.

ఇక్కడ ఒక విషయం ఆలోచించాలి. బతుకమ్మ ఆడేది ఆరుబయట. అక్కడ పైకప్పు లేదు, కాబట్టి హాలులో ఉన్నంత మోత ఉండదు. నేల నుంచి, చుట్టుపక్కల ఇళ్ల గోడల నుంచి కొన్ని ప్రతిధ్వనులు మాత్రమే వస్తాయి. చప్పట్లకు పెద్ద హాల్ వేస్తే ఆట ఫంక్షన్ హాలులోకి మారినట్టవుతుంది. తొలి ప్రతిధ్వనుల ప్లగిన్ ఒక్కటి, దానితో పాటు చాలా మెల్లగా ఒకే ఒక డిలే (కాస్త ఆలస్యంగా తిరిగి పలికే ధ్వని) పెట్టి చూడండి. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది కాబట్టి, 17 మీటర్ల దూరంలోని గోడకు తగిలి తిరిగి రావడానికి సుమారు 100 మిల్లీసెకన్లు పడుతుంది. డిలేకు ఆ అంకె నుంచే మొదలుపెట్టవచ్చు. పాడేవారు ‘అన్నా, కొంచెం ఎకో పెట్టు’ అని అడిగినప్పుడు కూడా రివర్బ్ పెంచడం కంటే ఈ డిలేనే కొద్దిగా పెంచితే వారి కోరిక తీరుతుంది, మాటా చెదరదు.

డప్పుకు 0.5 సెకను రూమ్ చాలు. దాన్ని వాయించే చిర్ర, చిటికెన పుల్ల రెండింటి దెబ్బలూ వేర్వేరుగా వినబడాలి. గజ్జెలకు, తాళాలకు రివర్బ్ దాదాపు అవసరం లేదు.

భక్తి పాటకు రాతి గుడి ధ్వని కావాలనుకునేవారు హాల్ ప్రీసెట్ (ప్లగిన్‌లో ముందే చేసి ఉంచిన అమరిక) వైపు వెళ్తారు. పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం, అలంపురం నవబ్రహ్మ ఆలయాల వంటి చోట్ల లోపలి గదులు చిన్నవి, గోడలు రాతివి. అందువల్ల ప్లగిన్‌లో సైజు చిన్నగా ఉంచి, డ్యాంపింగ్ (తోకలోని పై ధ్వనులను అణచే మీట) తగ్గించి, డికేను కొంచెం పెంచడం దానికి దగ్గరగా ఉంటుంది. సొంతంగా ఇంపల్స్ రెస్పాన్స్ రికార్డు చేయాలంటే ఖాళీ గోదాములోనో, ఊరి మెట్లబావిలోనో బెలూన్ పగలగొట్టి రికార్డు చేయవచ్చు. రక్షిత కట్టడాల్లో మాత్రం పురావస్తు శాఖ అనుమతి లేకుండా ఆ పని చేయకూడదు.

స్థాయి పెట్టేటప్పుడు రివర్బ్ ఫేడర్‌ను పూర్తిగా దించి, మెల్లగా పెంచుతూ, అది వినిపించిన క్షణంలో ఆపి, అక్కడి నుంచి 2 లేదా 3 డెసిబెళ్లు తగ్గించండి. అప్పటికీ మాటలు మసకబారితే ఆక్స్‌లో రివర్బ్ తర్వాత ఒక కంప్రెసర్ (శబ్దాన్ని తనంతట తానే తగ్గించే సాధనం) పెట్టి, దాని సైడ్‌చెయిన్‌కు, అంటే ఎప్పుడు తగ్గించాలో చెప్పే ఇన్‌పుట్‌కు, గొంతును ఇవ్వండి. పాడుతున్నప్పుడు రివర్బ్ 4 డెసిబెళ్లు తగ్గి, పాదం ముగిశాక లేస్తుంది. హెడ్‌ఫోన్‌లో విని సరిపెట్టుకోకుండా ఫోన్ స్పీకరులో, వీలైతే డీజే బాక్సులో కూడా వినాలి. బరాత్‌లోనో ఫంక్షన్ హాలులోనో వేసినప్పుడు ఆ స్థలం తన మోతను తానే కలుపుతుంది. అందుకోసం రివర్బ్ సగం తగ్గించిన రెండో మిక్సును, రివర్బ్ అసలే లేని గొంతు ఫైలును వేరుగా ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. ఎక్స్‌పోర్ట్ చేసే ముందు చివరి స్వరం తర్వాత నాలుగైదు సెకన్ల ఖాళీ ఉన్నదో లేదో చూడండి. లేకపోతే తోక మధ్యలోనే తెగిపోతుంది.