సందర్భం తెలిసిన ఫోన్ - 4వ పాఠం: గుడి దాటినా సైలెంట్ వదల్లేదేం?

పోయిన పాఠంలో "గుడి చుట్టూ జియోఫెన్స్ (మ్యాప్ మీద గీసే కనపడని కంచె, ఫోన్ దాన్ని దాటితే యాప్‌కి తెలుస్తది) పెట్టండి, లోపలికెళ్తే సైలెంట్, బయటికొస్తే రింగ్" అని రెండు ముక్కల్లో తేల్చేశాను కదా, వారమంతా మెసేజ్‌లే మెసేజ్‌లు. ఒకబ్బాయి విశాఖలో సంపత్ వినాయకుడి గుడికి ఫెన్స్ పెట్టాడంట. రోజూ సిరిపురం నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి బస్సులో వెళ్తాడు, గుడేమో రోడ్డుని ఆనుకునే ఉంటది, ఆశీల్‌మెట్ట దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగింది, ఫోన్ నోరు మూసేసింది. ఇంటికెళ్ళేసరికి ఏడు మిస్డ్ కాల్స్, "ఏటిరా, ఫోనెత్తవేటి?" అని వాళ్ళమ్మ. తప్పు నాదే, చెప్పాల్సింది చెప్పలేదు.

ఫెన్స్ చిన్నది చేస్తే సరిపోద్ది అనుకోకండి. ఆండ్రాయిడ్ వాళ్ళే కనీసం 100 నుంచి 150 మీటర్ల వ్యాసార్థం పెట్టమంటారు, ఆ లెక్కన గుడితో పాటు రోడ్డూ లోపలికొచ్చేస్తది. అందుకని 'ఎంటర్' తీసేసి 'డ్వెల్' పెట్టండి, అంటే లోపల కాసేపు ఆగితేనే లెక్క. ఎంతసేపు ఆగాలో చెప్పే లాయిటరింగ్ డిలే మిల్లీసెకన్లలో అడుగుతది, నేనైతే 3,00,000 ఇస్తాను, ఐదు నిమిషాలు. దానికి తోడు యాక్టివిటీ రికగ్నిషన్ (మనిషి నడుస్తున్నాడా, బండిలో ఉన్నాడా అని ఫోన్ కదలికల్ని బట్టి కనిపెట్టేది) 'వాహనంలో ఉన్నాడు' అంటే సైలెంట్ చెయ్యొద్దు. పర్మిషన్ల సంగతి మళ్ళీ చెప్పను, రెండో పాఠం చూసుకోండి.

ఇంత చేసినా అదే గుడి దగ్గర ఇంకో తిరకాసుంది. కొత్త బండికి పూజ చేయించడానికి వచ్చినోడు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, "ఎక్కడున్నార్రా, బయల్దేరారా" అని ఇంట్లోవాళ్ళ ఫోన్ కోసం ఎదురు చూస్తుంటాడు. వాడికి సైలెంట్ ఎందుకు? చోటు ఒకటే, సందర్భం వేరు. ఇదేం కొత్త గొడవ కాదు. 1992లో కేంబ్రిడ్జ్‌లోని ఒలివెట్టి ల్యాబ్ వాళ్ళు యాక్టివ్ బ్యాడ్జ్ గురించి రాశారు, 15 సెకన్లకోసారి ఇన్‌ఫ్రారెడ్ సిగ్నల్ పంపే బ్యాడ్జ్ అది. మనిషి ఏ గదిలో ఉంటే కాల్ ఆ గదికే పంపొచ్చు. తీరా వాడినవాళ్ళు అడిగిందేంటంటే, కాల్ ఎప్పుడు రావాలో మా చేతిలో కూడా ఉండాలి అని.

ఇప్పుడు అసలు ఉచ్చు, దీన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది. అందరూ రాసేది ఇదే: లోపలికెళ్ళగానే పాత మోడ్ దాచుకో, సైలెంట్ చెయ్, బయటికి రాగానే దాచుకున్నది తిరిగి పెట్టు. చదవడానికి బానే ఉంది. ఒకమ్మాయి గుడికి ఒక ఫెన్స్, ద్వారకానగర్ కోచింగ్‌కి 500 మీటర్ల ఫెన్స్ పెట్టింది, రెండూ ఒకదాని మీదొకటి పడ్డాయి. గుడిలోకెళ్ళింది, 'రింగ్' దాచుకుంది, సైలెంట్ అయింది. అట్నుంచటే కోచింగ్ ఫెన్స్‌లోకి వచ్చింది, ఈసారి దాచుకున్నదేంటి? 'సైలెంట్'. గుడి ఫెన్స్ దాటింది, క్లాసులో ఉండగానే రింగ్ వచ్చేసింది. క్లాసయి బయటికొచ్చింది, దాచుకున్న 'సైలెంట్' తిరిగొచ్చింది, ఇక అంతే, ఆ ఫోన్ రాత్రి దాకా మోగలేదు. కోడ్‌లో ఎర్రర్ ఒక్కటీ లేదు చూడండి, అదే నా మంట!

మందు ఇది. ఒక్కో ఫెన్స్‌కి ఒక్కో పాత మోడ్ దాచొద్దు. ప్రస్తుతం ఏయే ఫెన్స్‌లలో ఉన్నామో ఒక జాబితా పెట్టుకోండి. జాబితా ఖాళీగా ఉన్నప్పుడు మొదటిది చేరితేనే మోడ్ దాచండి, ఆఖరిది పోతేనే తిరిగి పెట్టండి. మధ్యలో మనిషి తన చేత్తో వైబ్రేషన్ పెట్టుకుంటే? దాచుకున్నది పారేసి యాప్ నోరు మూసుకోవాలి, చెయ్యి పెట్టినోడిదే మాట.

ఇంకోటి, ఉత్త సైలెంట్ వాడకండి, డు నాట్ డిస్టర్బ్ వాడండి. అందులో రిపీట్ కాలర్స్ అని ఉంటది, ఒకే మనిషి 15 నిమిషాల్లోపు రెండోసారి చేస్తే మోగుద్ది. మా అమ్మ ఎప్పుడూ వరసగా రెండుసార్లు చేస్తది, నాకు దాంతోనే సగం పని అయిపోద్ది, అందుకే ఆమెకని వేరే రూల్ ఏదీ రాయలేదు.

ప్రాక్టీస్ మర్చిపోయాను. ఈ వారం కోడ్ ముట్టుకోవద్దు. ఏడు రోజులు, ఫోన్ మోగిన ప్రతిసారీ నోటుబుక్‌లో రాయండి: ఎక్కడున్నారు, పక్కన ఎవరున్నారు, ఎవరు చేశారు, మోగినందుకు సంతోషమా చిరాకా. ఒకే చోట ఒకసారి సంతోషం, ఒకసారి చిరాకు పడ్డ కాల్స్ కనీసం మూడు జతలు పట్టుకోండి. అయిదో పాఠం వాటితోనే మొదలెడతాను, రాయనివాళ్ళకి అందులో ఒక్క ముక్కా ఎక్కదు.