కొత్త నగరంలో ఒంటరిగా తొలిరోజు: ఏది ఎందుకు తేడా కొడుతుంది, అప్పుడేం చేయాలి

పెద్ద నగరానికి ఒంటరిగా వెళ్లిన మొదటి రోజు పుట్టే కంగారులో చాలా భాగానికి నగరంతో సంబంధం ఉండదు. నిద్రలేని ఒళ్లు, ఖాళీ కడుపు, భుజాన్ని లాగేసే బ్యాగు, సరిగ్గా చూపించని ఫోన్. ముందు వీటిని సర్దుకుంటే మిగిలేది చాలావరకు మనం తట్టుకోగలిగేదే. కింద రాసినవన్నీ ఒకే రోజు ఒకే మనిషికి రావు. మీకేది వచ్చిందో అక్కడి నుంచే చదవండి.

స్టేషన్ బయటికి రాగానే గుండె దడ, వేళ్లు చల్లబడటం

కారణం అడ్రినలిన్. ఏదో ప్రమాదం ఉందని మెదడు అనుకోగానే ఒంట్లో అది విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, చర్మానికి వెళ్లే రక్తం తగ్గుతుంది, అందుకే వేళ్లు చల్లబడతాయి. దాన్ని చూసి "నాకేదో అయిపోతోంది" అనుకుంటాం. ఆ ఆలోచనతో దడ ఇంకాస్త పెరుగుతుంది. ప్రయాణంలో నిద్ర ఆపుకోవడానికి తాగిన కాఫీలు కూడా దీనికి తోడవుతాయి.

జనం నడిచే దారిలోంచి పక్కకు రండి. వీపు గోడకు ఆనించి, బ్యాగు రెండు కాళ్ల మధ్య పెట్టుకోండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం నిదానంగా ఉండాలి. మూడు నాలుగు నిమిషాలు ఇదే పని. భయం ఒక్కసారిగా ముంచుకొచ్చినా, సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి దిగడం మొదలవుతుంది. తర్వాత నీళ్లు తాగి ఏదైనా తినండి. తినకముందు ఏ నిర్ణయమూ తీసుకోకండి.

ఒక్క జాగ్రత్త. ఛాతీలో నొప్పి చేతికో దవడకో పాకుతున్నా, కూర్చున్నాక కూడా ఊపిరి ఆడకపోయినా టెన్షనే అని సరిపెట్టుకోకండి, వెంటనే వైద్యసాయం అడగండి.

మ్యాప్‌లో నీలం చుక్క ఒకచోట నిలవడం లేదు, ఎటు నడిచినా తప్పే

తొలిరోజు మనిషిని ఎక్కువగా ఏడిపించేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. వాటి సిగ్నల్ ఫోన్‌కి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి ఫోన్ దూరం లెక్కకడుతుంది. ఎత్తైన భవనాల మధ్య ఆ సిగ్నల్ గోడలకు, అద్దాలకు తగిలి చుట్టూ తిరిగి వస్తుంది. కాస్త ఆలస్యమవుతుంది, లెక్క తప్పుతుంది. చుక్క పక్క వీధిలోకి దూకేస్తుంది. భూగర్భ స్టేషన్‌లో అయితే ఆ సిగ్నల్ అసలే అందదు. పైకొచ్చిన మొదటి నిమిషంలో చుక్క పాత చోటే చూపించడానికి కారణం అదే.

బాణం సంగతి వేరు. మీరు నిలబడి ఉన్నప్పుడు ఏ దిక్కుకి తిరిగారో చెప్పేది ఫోన్‌లోని దిక్సూచి. దగ్గర్లో ఇనుము ఉన్నా, ఫోన్ కవర్‌లో అయస్కాంతం ఉన్నా అది దారి తప్పుతుంది.

నాకిది అనుభవమే. ఒక కొత్త నగరంలో మెట్రో మెట్లెక్కి బయటికొచ్చి, బాణం చూపించిన వైపే నడిచాను. ఎడమవైపు గేట్ల మీద 48, తర్వాత 46, తర్వాత 44. నేను వెళ్లాల్సింది 90. ఆ అంకెలు కళ్ల ముందే తగ్గుతున్నాయి, నేను మాత్రం తల వంచుకుని ఫోన్‌నే చూస్తున్నాను. వీధి చివరికి వెళ్లి గోడ అడ్డొచ్చాక గానీ తల ఎత్తలేదు. బ్యాగు పట్టీ కోసుకుపోయి భుజం మీద ఎర్రగా చార పడింది. ఆ రోజు నుంచి ముందు గోడ మీది నంబర్లు, ఆ తర్వాతే ఫోన్.

అలా అయితే ఏం చేయాలంటే, ముందు ఏదైనా కూడలి దగ్గరికో, ఆకాశం బాగా కనిపించే చోటికో రండి. అయస్కాంతం ఉన్న కవర్ తీసేసి ఫోన్‌ను గాల్లో 8 అంకె ఆకారంలో రెండు మూడుసార్లు తిప్పండి, దిక్సూచి సర్దుకుంటుంది. ఇరవై ముప్పై అడుగులు నడిచి చుక్క గమ్యం వైపు కదులుతోందో, దూరమవుతోందో చూడండి. వీధి పేరు బోర్డు చదవండి. మెట్రోలో వస్తే ఏ నంబరు ద్వారం నుంచి బయటికి రావాలో ముందే చూసుకోండి. పెద్ద స్టేషన్‌లో తప్పు ద్వారం అంటే రోడ్డుకి అవతలి వైపు తేలడం.

డేటా పోయినా జీపీఎస్ పనిచేస్తూనే ఉంటుంది. రానిది మ్యాప్ బొమ్మ మాత్రమే. అందుకే బయలుదేరే ముందే ఆ నగరం మ్యాప్‌ను ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకోండి. దిగే చోటు అడ్రసు, ఫోన్ నంబరు కాగితం మీద, అక్కడివాళ్లు చదివే లిపిలో రాసి జేబులో పెట్టుకోండి. ఛార్జింగ్ అయిపోయినప్పుడు ఆ కాగితమే దిక్కు.

రైలు ఎక్కాను, స్టేషన్లు వెనక్కి పోతున్నాయి

ఎదురు దిశలో వెళ్లే రైలు ఎక్కారు, అంతే. తర్వాతి స్టేషన్‌లో దిగి అవతలి ప్లాట్‌ఫాం మీదికి వెళ్లండి. టికెట్ గేటు దాటి బయటికి పోకండి. ఈసారి మీ స్టేషన్ పేరుతో పాటు ఆ లైనులో చివరి స్టేషన్ పేరు కూడా గుర్తుపెట్టుకోండి. చాలాచోట్ల బోర్డుల మీద కనిపించేది అదే.

కార్డు పనిచేయడం లేదు

అలవాటు లేని చోట కార్డు గీయగానే బ్యాంకు వ్యవస్థ అనుమానపడి ఆపేసి ఉండొచ్చు. వేరే దేశమైతే అంతర్జాతీయ వాడకం మీ యాప్‌లో ఆఫ్‌లో ఉండొచ్చు. పిన్ మళ్లీ మళ్లీ కొట్టకండి, వరసగా తప్పు పడితే కార్డే బ్లాక్ అవుతుంది. యాప్ చూడండి, లేదంటే బ్యాంకుకి ఫోన్ చేయండి. ఆ నంబరు కార్డు వెనక మాత్రమే ఉంటే, కార్డు పోయిన రోజు నంబరూ పోయినట్టే. వేరేచోట రాసుకోండి. రెండో కార్డు, కొంచెం నగదు వేరే జేబులో ఉంచండి. విదేశంలో ఏటీఎం "మీ దేశం కరెన్సీలో లెక్కకట్టాలా" అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. లేకపోతే మారకం రేటు ఆ మెషీన్ వాళ్లు పెట్టినదవుతుంది.

అందరూ నన్నే చూస్తున్నట్టుంది

కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, విద్యార్థులకు సిగ్గనిపించే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి నలుగురి మధ్యకు పంపారు. దాదాపు సగం మంది గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. నిజానికి గమనించినవాళ్లు సుమారు నాలుగో వంతే. మీరు దారి వెతుక్కోవడం కూడా మీకు తోచినంతగా ఎవరికీ కనపడదు. ధైర్యంగా ఆగి బోర్డు చదువుకోండి.

కానీ ఒక మనిషి రెండు మూడు మలుపుల తర్వాత కూడా వెనకే ఉంటే, అది అనవసరపు భయం కాదు. గదికి వెళ్లకండి, మీ చిరునామా వాళ్లకు తెలియకూడదు. వెలుతురూ జనమూ ఉన్న దుకాణంలోకో, ఏదైనా హోటల్ రిసెప్షన్‌కో, స్టేషన్ సిబ్బంది దగ్గరికో వెళ్లి నోరు తెరిచి చెప్పండి. అక్కడి అత్యవసర నంబరు ముందే తెలుసుకుని ఉండండి. చాలా మొబైల్ ఫోన్లు 112ను అత్యవసర నంబరుగా గుర్తిస్తాయి. మొహమాటం ఇక్కడ అస్సలు వద్దు. సాయం కావలసినప్పుడు ఎవరిని అడగాలో మీరే ఎంచుకోండి, పిలవకుండా వచ్చి బ్యాగు అందుకునే వాళ్లకు వద్దని చెప్పి నడుస్తూనే ఉండండి.

గదిలో తలుపేసుకోగానే ఏడుపొస్తోంది, వెనక్కి వెళ్లిపోవాలనిపిస్తోంది

రోజంతా బిగబట్టుకున్న ఒళ్లు ఒక్కసారి వదులైంది. ఏడుపొస్తే ఏడవండి. ఆ రాత్రి తిరుగు టికెట్ మాత్రం కొనకండి. స్నానం చేయండి, తినండి, ఇంటికి ఫోన్ చేయండి. వెళ్లిపోవాలా వద్దా అన్నది నిద్ర లేచాక, పొద్దుటి వెలుతురులో ఆలోచించండి. అప్పుడూ వెళ్లిపోవాలనే అనిపిస్తే వెళ్లండి, అందులో తప్పేమీ లేదు.

నిద్ర పట్టడం లేదు, చిన్న చప్పుడుకే మెలకువ

2016లో బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొత్తచోట తొలి రాత్రి నిద్రను పరిశీలించారు. గాఢనిద్రలో కూడా మెదడు ఎడమ భాగం కుడి భాగం కంటే తేలికగా నిద్రపోయి, కొత్త చప్పుళ్లకు ఎక్కువగా స్పందించింది. అంటే ఒక భాగం కాపలా కాస్తోందన్నమాట. దాంతో గొడవ పడకండి. తలుపు గడియ ఒక్కసారి చూసుకోండి, చెవుల్లో దూది పెట్టుకోండి, మర్నాడు ఉదయం ముఖ్యమైన పనేదీ పెట్టుకోకండి. అదే పరిశోధనలో, మరో రాత్రి అక్కడే పడుకున్నప్పుడు ఆ తేడా కనిపించలేదు.