ముసలెద్దును కొత్త కొట్టానికి పంపడం ఎలా?

దున్నకం ట్రాక్టరుకు పోయినా మన దిక్కు పత్తి చేలల్లో కలుపు తీసే గుంటుక తోలాలంటే ఇప్పటికీ ఎడ్లే కావాలి. ఆ పని చేసీ చేసీ ముసలిదైన ఎద్దును, ఇల్లు హనుమకొండకు మారుస్తున్నామనో, జోడెద్దు చచ్చిపోయిందనో ఇంకొకరికి అప్పజెప్పాల్సి వస్తుంది. అంగడికి కొట్టుకపోతే అది ఎటు పోతదో అందరికీ ఎరుకే. కాబట్టి ఆ మాట పక్కనపెట్టండి. వేములవాడ రాజన్నకు కోడెను కట్టడం మొక్కు. బతుకంతా పని చేయించుకున్న ఎద్దును గోశాల గేటు ముందు దించి రావడాన్ని మొక్కు అనరు.

ముందు మనిషిని చూడాలి. ఎద్దును చూడవచ్చినాయన “ఇంకా ఎంత దున్నుతది?” అని అడిగితే చాయ తాగించి పంపేయండి. “ఏం తింటది? పళ్లున్నయా?” అని అడిగితే మాట్లాడండి. చెప్పకుండా ఒక మధ్యాహ్నం వాళ్ల కొట్టం దగ్గరికి పోయి అక్కడి పశువుల మెడ మీద కాడి పుండ్లున్నాయా, నీళ్ల తొట్టిలో పాచి పట్టిందా చూడండి. అడుగు మట్టిది కావాలి. సిమెంటు గచ్చు మీద ముసలెద్దు లేవలేదు, లేవబోయి జారుతుంది.

పైసలు తీసుకోవద్దు. ఎదురు గడ్డి ఇవ్వాలి. ఈ వయసు ఎద్దుకు రోజుకు ఐదారు కిలోల వరిగడ్డి పడుతుంది, అంటే ఏడాదికి రెండు టన్నులు. హార్వెస్టర్ కోశాక బేలర్ చుట్టే కట్టలు ఇరవై కిలోల చొప్పున లెక్కేస్తే వంద. తగలబెట్టే బదులు ఆ వంద కట్టలు ట్రాలీలో పంపితే మొదటి ఏడాది ఎద్దు ఎవరికీ బరువు కాదు. అమ్మొద్దని, సాకలేకపోతే తిరిగి మీకే ఇవ్వాలని ఒక కాగితం రాయించుకోండి. దోస్తీలో కాగితమెందుకు అంటారు. దోస్తీ నిలవాలంటేనే రాయాలి.

దీపావళి దాటి సంక్రాంతి లోపు పంపాలి. ఎండాకాలం వద్దే వద్దు. కనీసం మూడు వారాల ముందు గాలికుంటు టీకా పడి ఉండాలి, నట్టల మందు డాక్టరు చెప్పిన మోతాదులో తాగించాలి. రెండు వారాల ముందు పెరిగిన డెక్కలు చెక్కించి, లాడాలుంటే ఊడదీయించండి. ఇనుప అడుగు మీద ఇనుప లాడం నిలవదు. పశువైద్యుడి ధ్రువపత్రం, ఒప్పందం కాగితం, ఇద్దరి ఆధార్ జిరాక్సులు డ్రైవర్ దగ్గర ఉండాలి. దారిలో ఆపితే చూపించేది అదే.

ఇక బండెక్కించడం. ఎద్దుల కాళ్లు విరిగేది ఇక్కడే, అందరూ తొందరపడేదీ ఇక్కడే.

టాటా ఏస్ వద్దు, మలుపుల్లో ఊగుతుంది. బొలెరో పికప్ చాలు. దాని అడుగు నేలకు రెండున్నర, మూడడుగుల ఎత్తులో ఉంటుంది. మోకాళ్లు పట్టేసిన ఎద్దు అంత ఎత్తు ఎక్కలేదు, దూకలేదు. “ఏం గాదు పటేలా, నలుగురం లేపుదాం” అని డ్రైవర్ అంటాడు. వినొద్దు. కాలువ గట్టో, రోడ్డు పక్క మెరకో చూసి బండిని వెనక్కి పెట్టించండి. గట్టు, బండి అడుగు ఒకే మట్టంలోకి రావాలి. ఎద్దు ఎక్కడం ఉండదు, నడిచి లోపలికి పోవడమే.

గట్టుకు, బండికి మధ్య సందు చూసుకోండి. నాలుగు వేళ్ల సందున్నా ప్రమాదమే, డెక్క అందులో దిగి ఎద్దు ముందుకు తూగితే ముంగాలి ఎముక చిట్లుతుంది. ఆ వయసులో అది అతకదు. నాలుగు వందల కిలోల బరువు మూడు కాళ్ల మీద ఎన్నాళ్లు నిలుస్తుంది? సందులో మట్టి నింపిన గోనె సంచులు దిట్టంగా కుక్కి, మీద మట్టి పోసి, ముందు మనిషి తొక్కి చూడాలి. గట్టు దొరకకపోతే ఎనిమిదడుగుల కన్నా పొట్టి చెక్క వాడొద్దు. అడుగుకో అడ్డపట్టీ కొట్టి, రెండు పక్కలా గోనె పట్టా కట్టండి, లోతు కనపడకూడదు. చెక్క డబడబమంటే ఎద్దు వెనక్కి గుంజుతుంది. మీద తడిమట్టి పరిస్తే చప్పుడుండదు.

బండి అడుగున మొదట రెండంగుళాల ఇసుక, దాని మీద పల్చగా గడ్డి. ఉత్త గడ్డే పరిస్తే రేకు మీద నూనె పోసినట్టే. మూడు రోజుల ముందు నుంచి ఆ గట్టు మీదే కుడితి పెడితే ఎద్దుకు జాగా అలవాటవుతుంది. ఆ రోజూ కుడితి బకెట్ పట్టుకొని రోజూ మేపే మనిషే ముందు నడవాలి. తోక మెలిపెట్టే వాళ్లను దూరంగా నిలబెట్టండి, తోక ఎముక విరుగుతుంది, భయం అట్లనే ఉంటుంది. మొండికేస్తే ఇద్దరు వెనకనుంచి తొడల మీదుగా వెడల్పాటి పట్టీ వేసి మెల్లగా ముందుకు ఆనిస్తే చాలు. పది నిమిషాలు నిలబడితే నిలబడనీయండి.

ముఖం ఇంజిన్ వైపు ఉండాలి, ఒక మనిషి వెంట ఉండాలి. పశువుల రవాణా నియమాలు చెప్పేదీ అదే. ముకుతాడును ఎప్పుడూ బండికి కట్టొద్దు, బ్రేక్ పడితే ముక్కు చీలుతుంది. మెడ పగ్గమే కట్టాలి, అదీ నూలుదే. నైలాన్ మెడ కోస్తుంది. రెండడుగుల వదులు ఉంచి, గుంజితే ఊడే ముడి వేయండి. వెనక అడ్డకట్టె తప్పనిసరి. తెల్లవారుజామున బయల్దేరి నలభై దాటకుండా నడపాలి, ఇరవై నిమిషాలకు ఆపి చూసుకోవాలి. పడుకుంటే లేపిన తర్వాతే కదలండి. దించేటప్పుడూ గట్టే కావాలి. ఆ ఊరి గట్టు ముందురోజే చూసి పెట్టుకోండి.

దిగాక నీళ్లు, తర్వాత మీరు తెచ్చిన గడ్డి. కొత్త మేత నాలుగో వంతుతో మొదలుపెట్టి పది రోజుల్లో మార్చాలి. పళ్లరిగిన ఎద్దుకు గడ్డిని అంగుళమున్నరకు మించకుండా కత్తిరించాలి, ఉప్పు, ఖనిజ లవణ మిశ్రమం కలపాలి. ప్రేమతో కొందరు అన్నం, మక్కపిండి పెడతారు, కడుపు పులిసి రెండు రోజుల్లో పడిపోయేది దానితోనే. మూడు వారాలు మిగతా పశువులకు కనపడేంత దూరంలో విడిగా కట్టాలి. ఆ మూడు వారాలు మీరు పోవద్దు, మీ గొంతు వింటే అరిచి మేత మానేస్తుంది. చెవి పోగు మీది పన్నెండు అంకెల నంబరు, ఊళ్లో పశువులకు ఎద సూది వేసే గోపాలమిత్రకిచ్చి కొత్త ఆసామి పేరు మార్పించండి.

ఒక పూట మేత తగ్గితే కంగారొద్దు. నెమరు ఆగినా, పేడ రాకపోయినా, ఎడమ డొక్క బిగుసుకున్నా తెల్లారేదాకా చూడకుండా పశువుల డాక్టరుకో, 1962 పశువైద్య హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయమని ఆ ఇంట్లో ఆడవాళ్లకు కూడా చెప్పి రండి, కొట్టం దగ్గర ఎక్కువసేపు ఉండేది వాళ్లే.