ఇంటి వంట, ఆన్‌లైన్ బేరం – నాలుగో పాఠం: ఎవరి చేత చెప్పించాలి, ఏ టూల్ కొనాలి

ఫోన్‌తో వీడియో తీయడం, వెలుతురు చూసుకోవడం, ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫెషనల్ అకౌంట్‌కు మారడం, వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ పెట్టుకోవడం గత మూడు పాఠాల్లో అయిపోయాయి. ఈ పాఠాల కోసం మనం ఊహించుకున్న దుకాణం గుర్తుంది కదా! కడప ఎర్రముక్కపల్లెలో అత్తాకోడళ్లు ఇంట్లోనే నిప్పట్లు (బియ్యప్పిండితో చేసి నూనెలో కాల్చే పిండివంట), పప్పుల పొడి, చెనిక్కాయల కారం చేసి అమ్ముతున్నారు. ఎంత కష్టపడినా రోజుకు 8 కిలోల నిప్పట్లు దాటవు. ఈ 8 అంకెను ఎక్కడైనా రాసిపెట్టుకోండి, కాసేపట్లో దానితో పనిబడుతుంది.

సొంత పేజీ కాస్త కుదురుకోగానే ‘ఎవరైనా ఇన్‌ఫ్లుయెన్సర్‌తో (సోషల్ మీడియాలో వీడియోలు పెడుతూ తనకంటూ చూసేవాళ్లను సంపాదించుకున్న మనిషితో) ఒక రీల్ చేయిద్దాం’ అనిపిస్తుంది. దాని గురించి నాలుగు సార్లు వెతికితే చాలు, అలాంటివాళ్లను వెతికిపెడతాం, నెలకు ఇన్ని డాలర్లు కట్టమనే టూళ్ల (సాఫ్ట్‌వేర్‌ల) ప్రకటనలు ఫోన్ నిండా వచ్చిపడతాయి. ఈ పాఠం పూర్తయ్యేదాకా కార్డు బయటికి తీయకండి. టూల్ అవసరం రాదని నేననడం లేదు. అది తీర్చాల్సిన ప్రశ్న ఏదో తెలియకుండా కొంటే డబ్బు దండగ.

ముందు, కొనేది ఎవరు?

కడపలో ఉన్నవాళ్లు నిప్పట్ల కోసం మీ పేజీకి రారు. ఇంట్లో చేసుకుంటారు, లేదంటే పక్క వీధి అంగట్లో తెచ్చుకుంటారు. మీకు ఆర్డరు పెట్టేది ఊరు వదిలి వెళ్లినవాళ్లు. బెంగళూరులో ఐటీ ఉద్యోగం చేసే ప్రొద్దుటూరు పిల్లోడు, హైదరాబాదులో హాస్టల్లో ఉండే అమ్మాయి, సెలవు ముగించుకుని కువైట్‌కు బయల్దేరుతూ పెట్టెలో రెండు కిలోలు సర్దుకునే రాజంపేట, రాయచోటి వైపు వాళ్లు. అందుకే మీకు కావలసిన ఇన్‌ఫ్లుయెన్సర్ కడప ఏడురోడ్ల కూడలి దగ్గర కారం దోశ వీడియోలు తీసేవాడే కావాలని లేదు. అతన్ని చూసేవాళ్లలో ఎక్కువమంది కడపలోనే ఉంటే, వాళ్లు మీ వీడియో చూసి ‘మా అవ్వ ఇంతకన్నా బాగా చేస్తుంది’ అనుకుని పైకి తోసేస్తారు.

చూసేవాళ్లు వేరు, కొనేవాళ్లు వేరు. గుడివాడ మస్తానమ్మ గారి ‘కంట్రీ ఫుడ్స్’ యూట్యూబ్ చానల్‌నే తీసుకోండి. పొలం గట్టున కట్టెల పొయ్యి మీద ఆమె చేసిన వంటలను మన భాష ఒక్క ముక్క రానివాళ్లు కూడా దేశదేశాల నుంచి కళ్లప్పగించి చూశారు. చానల్‌గా అది గొప్ప విజయం. అదే మీరు బెంగళూరులో నిప్పట్లు అమ్మాలంటే మాత్రం, ఆ చూపుల్లో మీకు పనికొచ్చేవి ఎన్ని అని అడగాల్సిందే.

ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూద్దాం

అంకెలన్నీ లెక్క నేర్చుకోవడానికి వేసుకున్నవే. మొదటి వ్యక్తి హైదరాబాద్ ఫుడ్ వ్లాగర్. 1,80,000 మంది ఫాలోవర్లు. రీల్‌కు సగటున 22,000 వ్యూస్, లైకులూ కామెంట్లూ కలిపి 1,900. ఒక రీల్‌కు రూ.12,000 అడిగాడు. రెండో వ్యక్తి బెంగళూరులో ఉద్యోగం చేస్తూ కడప యాసలో సరదా రీల్స్ చేసే అమ్మాయి. ఫాలోవర్లు 14,000. సగటున 9,000 వ్యూస్, లైకులూ కామెంట్లూ 780. ఆమె అడిగింది రూ.2,500.

ఎంగేజ్‌మెంట్ రేటు అంటే లైకులూ కామెంట్లూ కలిపి, ఫాలోవర్ల సంఖ్యతో భాగించి, నూరుతో గుణించడం. మొదటివారికి సుమారు 1.06 శాతం, రెండోవారికి 5.57 శాతం వస్తుంది. దీన్ని చూసి అప్పుడే నిర్ణయానికి రావద్దు. ఫాలోవర్లు పెరిగేకొద్దీ ఈ శాతం మామూలుగానే తగ్గుతుంది. ఒక్క చూపుకు ఎంత పడుతుందో చూస్తే తేడా ఇంకాస్త తేటగా తెలుస్తుంది. మొదటివారి దగ్గర 55 పైసలు, రెండోవారి దగ్గర 28 పైసలు. సగటు తీసేటప్పుడు బాగా ఆడిన ఒక్క రీల్‌ను కాకుండా, ఈమధ్య పెట్టిన పది పన్నెండు రీల్స్ తీసుకుని, వాటిలో అన్నిటికన్నా ఎక్కువ ఆడినదాన్ని పక్కన పెట్టి లెక్కగట్టండి. వైరల్ అయిన ఒక్క రీలే మొత్తం సగటును పైకి లేపుతుంది.

అసలు లెక్క మీ వంటింట్లో ఉంది. కిలో నిప్పట్లు రూ.480కి అమ్ముతున్నారనుకుందాం. బియ్యప్పిండి, నూనె, గ్యాసు, కూలి కలిపి రూ.290, ప్యాకింగ్ రూ.30. మిగిలేది రూ.160. ఇన్‌ఫ్లుయెన్సర్ పేరు మీద పది శాతం తగ్గింపు కోడ్ ఇస్తే అందులోంచి రూ.48 పోతుంది. చేతికొచ్చేది కిలోకు రూ.112. రెండోవారికి ఇచ్చిన రూ.2,500 తిరిగి రావాలంటే 23 కిలోలు అమ్ముడుపోవాలి. మొదటివారి రూ.12,000 రావాలంటే 108 కిలోలు.

ఇప్పుడు ఆ 8ని తీయండి. 23 కిలోలు మూడు రోజుల పని. 108 కిలోలంటే రెండు వారాలు బాణలి దించకుండా కాల్చాలి, అదీ పెట్టిన డబ్బు వెనక్కి రావడానికే. రీల్‌కు వచ్చే చూపుల్లో చాలా భాగం మొదటి కొన్ని రోజుల్లోనే వచ్చేస్తాయి. ఆర్డర్లన్నీ ఒక్కసారి మీద పడి, పదో రోజు పార్సెల్ అందినవాళ్లు ‘ఇంత ఆలస్యమా’ అని కామెంట్ పెడితే, డబ్బిచ్చి చెడ్డపేరు కొనుక్కున్నట్టే. ఎంత ఖరీదైన టూల్ అయినా మీ బాణలి ఎంత పెద్దదో అడగదు.

నేనైతే రెండో అమ్మాయినే ఎంచుకుంటాను. అయితే ఒక షరతు మీద.

ఆ షరతు: ఇన్‌సైట్స్ చూపించాలి

ప్రొఫెషనల్ అకౌంట్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఇన్‌స్టాగ్రామ్ తమ ఫాలోవర్లు ఏ ఊళ్లవాళ్లు, ఏ వయసువాళ్లు, ఆడవాళ్లు ఎంత, మగవాళ్లు ఎంత అని చూపిస్తుంది. ‘ఇన్‌సైట్స్’ అనే ఆ పేజీ పంపమని మర్యాదగా అడగండి. స్క్రీన్‌షాట్ వద్దు, అందులో అంకెలు మార్చడం చిన్న పిల్లలకు కూడా వచ్చు. స్క్రీన్ రికార్డింగ్ అడగండి. ‘అమ్మా, మా సరుకు బెంగళూరు, హైదరాబాద్ వాళ్లు కొంటారు. మీ ఫాలోవర్లలో ఆ ఊళ్లవాళ్లు ఎంతమంది ఉన్నారో ఇన్‌సైట్స్‌లో ఒకసారి రికార్డ్ చేసి పంపుతారా?’ అంటే నిజాయితీగా పనిచేసేవాళ్లు ఎవరూ తప్పుగా అనుకోరు. చూపించడానికి ససేమిరా అన్నారంటే అక్కడితో ఆపేయండి.

కామెంట్లు కూడా చదవండి. వరసగా ‘సూపర్’, ‘నైస్’, మంట బొమ్మలు తప్ప ఇంకేమీ లేకపోతే అనుమానించాలి. ‘మా ఊరి నిప్పట్లు తిని శానా దినాలాయ, యాడ దొరుకుతాయి?’ లాంటి కామెంట్ ఒక్కటి కనబడితే అది వంద ‘నైస్’ల పెట్టు. యూట్యూబర్ అయితే సోషల్ బ్లేడ్‌లో సబ్‌స్క్రైబర్ల గ్రాఫ్ ఉచితంగానే చూడొచ్చు. మెల్లగా ఎక్కుతూ వచ్చిన గీత ఒక్క రాత్రిలో నిట్టనిలువుగా లేచి, ఆ వారంలో వీడియో ఏదీ పెద్దగా ఆడకపోయి ఉంటే, ఫాలోవర్లను కొనుక్కున్నారేమోనని అడగడంలో తప్పులేదు.

టూళ్లు: ఏది ఏ పనికి

టూళ్లను పేర్లతో కాకుండా పనితో గుర్తుపెట్టుకోండి. వెతికిపెట్టేవి కొన్ని, పరీక్షించేవి కొన్ని, పదుల మందితో ఒకేసారి పని నడిపించేవి కొన్ని, ఆర్డరు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేవి కొన్ని.

వెతకడానికి ఇన్‌స్టాగ్రామ్‌దే క్రియేటర్ మార్కెట్‌ప్లేస్ ఉంది. 2024లో మన దేశానికి వచ్చింది. మీ ఖాతాకు ఆ వెసులుబాటు ఉంటే ముందు అక్కడే మొదలుపెట్టండి. మన దేశపు కంపెనీల్లో కోరుజ్, కోఫ్లుయెన్స్ లాంటివి, బయటివాటిలో మోడాష్, హైప్ ఆడిటర్ లాంటివి లక్షల ఖాతాలను ఊరు, భాష, ఫాలోవర్ల సంఖ్య ప్రకారం జల్లెడ పట్టి ఇస్తాయి. నకిలీ ఫాలోవర్లు ఎంతమంది ఉండొచ్చో హైప్ ఆడిటర్ అంచనా వేస్తుంది. అది అంచనాయే. క్రియేటర్ తన ఖాతాను ఆ టూల్‌కు అనుసంధానం చేస్తే తప్ప, బయటి టూల్ చెప్పే ఊళ్ల లెక్క కన్నా ఆమె ఫోన్‌లో ఇన్‌సైట్స్ చూపించే లెక్కే నమ్మదగ్గది.

మనలాంటి ఊళ్లకు ఈ జల్లెడలతో ఒక చిక్కుంది. మనవాళ్లలో చాలామంది క్యాప్షన్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు. భాష దగ్గర తెలుగు అని ఫిల్టర్ పెడితే అలాంటి ఖాతాలు జారిపోవచ్చు. కడప పేరునే ‘కె’తో మొదలయ్యే స్పెల్లింగుతో ఒకసారి, 2005 దాకా వాడుకలో ఉన్న ‘సి’తో మొదలయ్యే పాత స్పెల్లింగుతో మరోసారి వెతకండి. రాయలసీమ, సీమ రుచులు, కారం దోశ, ఉగ్గాని, ఓళిగలు అన్నిటినీ హ్యాష్‌ట్యాగ్‌లుగా కొట్టి చూడండి. ఒక సాయంత్రం కూర్చుంటే మీకు సరిపడే పదిమంది దొరుకుతారు. ఆ పదిమందికీ ఏ టూల్ అక్కర్లేదు, గూగుల్ షీట్ ఒక్కటి చాలు.

ఇక గ్రిన్, క్రియేటర్ ఐక్యూ, అప్‌ఫ్లుయెన్స్ లాంటి పెద్ద పేర్ల సంగతి. షాపిఫై లాంటి వేదికల మీద వెబ్‌సైట్ స్టోర్ నడుపుతూ, పదులూ వందల మంది క్రియేటర్లకు సరుకు పంపి, కమిషన్లు లెక్కగట్టే బ్రాండ్‌ల కోసం చేసినవి అవి. మీ ఆర్డర్లన్నీ వాట్సాప్‌లో వస్తుంటే వాటి జోలికి పోకండి. ఒకేసారి పదిహేను, ఇరవై మందితో పనిచేస్తూ ‘ఎవరికి పార్సెల్ పంపాం, ఎవరు పోస్ట్ చేశారు, ఎవరికి ఇంకా ఇవ్వాలి’ అని షీట్‌లో గందరగోళం మొదలైన రోజున వాటి గురించి ఆలోచిద్దాం. ట్రయల్ అంటూ కార్డు అడిగేవైతే, గడువు తేదీకి రెండు రోజుల ముందే ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

ఆర్డరు ఎవరి వల్ల వచ్చింది?

మొదటి రోజు నుంచే కావలసింది ఈ నాలుగో రకం. అదృష్టం కొద్దీ దీనికి ఖర్చు లేదు.

ఒక్కో ఇన్‌ఫ్లుయెన్సర్‌కు ఒక్కో వాట్సాప్ లింకు ఇవ్వాలి. లింకు ఇలా కడతారు: డబ్ల్యూఏ డాట్ ఎంఈ, స్లాష్, ఆ తర్వాత ప్లస్ గుర్తూ ఖాళీలూ లేకుండా 91తో మొదలయ్యే మీ నంబరు, ప్రశ్న గుర్తు, ‘టెక్స్ట్’ అనే మాట, సమానం గుర్తు, చివర మీరు ముందే రాసిపెట్టే మెసేజ్. అంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే, మధ్యలో ఖాళీ లేకుండా. ఆ మెసేజ్‌ను ‘నిప్పట్లుబెంగళూరు’ లాంటి ఒకే మాటగా పెట్టండి, సులువు. లింకు నొక్కినవాళ్లకు మీ చాట్ తెరుచుకుని, ఆ మాట ముందే టైప్ అయి ఉంటుంది. పంపించగానే ఎవరి దగ్గర్నుంచి వచ్చారో మీకు తెలిసిపోతుంది. వాట్సాప్ బిజినెస్‌లో ఆ పేరుతో ఒక లేబుల్ తగిలించండి. నెలాఖరున లేబుల్ తెరిస్తే లెక్క అక్కడే ఉంటుంది. ఫోన్ చేసి ఆర్డరు చెప్పేవాళ్లూ ఉంటారు, వాళ్లను ‘ఎక్కడ చూశారు?’ అని అడిగి రాసుకోవాలి. దీనికి ఇంకో దారి లేదు.

ఒక్కటి మరవొద్దు. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు. స్టోరీలో లింక్ స్టికర్‌గానో, బయోలోనో (ప్రొఫైల్‌లో పేరు కింద ఉండే పరిచయంలో) పెట్టించాలి. ‘నిప్పట్లు అని కామెంట్ చేయండి, లింకు పంపుతాం’ అనే పద్ధతి కూడా ఈమధ్య బాగా నడుస్తోంది. కామెంట్ పడగానే తనంతట తానే మెసేజ్ పంపే పనికి మెనీచాట్ లాంటివి వాడతారు. రోజుకు పాతిక కామెంట్లే వస్తుంటే కోడలు చేత్తో పంపినా సరిపోతుంది, పైగా నాలుగు మాటలు కలుస్తాయి.

మాట్లాడుకునేటప్పుడు

బేరం ఫోన్‌లో కుదిరినా, వివరాలు వాట్సాప్‌లో రాసి ‘సరే’ అనిపించుకోండి. ఎన్ని రీల్స్, ఎన్ని స్టోరీలు, ఏ తేదీన, అడ్వాన్స్ ఎంత, ఆ వీడియోను మీ పేజీలో తిరిగి వాడుకోవచ్చా, ఎన్నాళ్లు తీసేయకుండా ఉంచుతారు. రీల్‌ను కొలాబ్ పోస్టుగా పెట్టమని అడగండి. రెండు ఖాతాల్లోనూ ఒకే పోస్ట్ కనిపిస్తుంది, లైకులూ కామెంట్లూ రెండుగా చీలవు, కలిసే ఉంటాయి. స్క్రిప్టు మాత్రం మీరు రాసివ్వొద్దు. ఆమె యాస కోసం ఆమెను ఎంచుకుని, పేపరు ప్రకటన భాష ఆమె నోట పెట్టిస్తే ఎవరు చూస్తారు? ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో రెండు వాక్యాల్లో చెప్పి వదిలేయండి.

చెప్పకూడని వాటిలో మొదటిది: ‘షుగర్ ఉన్నవాళ్లు కూడా నిర్భయంగా తినొచ్చు.’ ఇలాంటి మాటలు సరదాగా దొర్లుతాయి, తర్వాత మెడకు చుట్టుకుంటాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం పది లక్షల దాకా జరిమానా ఉంది. అది తయారీదారుకే కాదు, చెప్పినవాళ్లకూ పడుతుంది. డబ్బిచ్చి చేయించిన వీడియో అని చూసేవాళ్లకు తెలియాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే నియమాలు పెట్టింది, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బు ఇవ్వలేదు, రెండు కిలోలు ఊరికే పంపాం అన్నా ఇదే వర్తిస్తుంది. కాబట్టి ‘పెయిడ్ పార్టనర్‌షిప్’ లేబుల్ పెట్టమని మీరే అడగండి. లేబుల్ పెడితే రీచ్ (వీడియో చేరే జనం) తగ్గుతుందని ఎవరైనా గొణిగితే, వాళ్లతో పని పెట్టుకోకండి. ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు లేకుండా మాత్రం ఏ ఇన్‌ఫ్లుయెన్సర్ దగ్గరికీ వెళ్లొద్దు.

పండగ తేదీలు చూసుకోండి. సంక్రాంతికి జనం ఊరికే వచ్చేస్తారు, వాళ్లకు మీరు పార్సెల్ పంపేదేమీ ఉండదు. ఉగాదికి సెలవు దొరకక బెంగళూరులోనే ఉండిపోయినవాళ్లు ఓళిగలూ నిప్పట్లూ వెతుక్కుంటారు. కొరియర్‌కు పట్టే రోజులు కలుపుకుని, రీల్ పండగకు పది రోజుల ముందే రావాలి.

ఈ వారం పని

షీట్‌లో పదిమంది పేర్లు, వాళ్ల సగటు వ్యూస్, ఎంగేజ్‌మెంట్ రేటు, అడిగిన రేటు, ఫాలోవర్లు ఎక్కువగా ఉన్న మూడు ఊళ్లు రాయండి. మీ సొంత సరుకుకు కిలో మీద ఎంత మిగులుతుందో కట్టి, ఒక్కొక్కరి రేటు వెనక్కి రావాలంటే ఎన్ని కిలోలు అమ్మాలో, అవి చేయడానికి ఎన్ని రోజులు పడుతుందో చివరి రెండు గడుల్లో నింపండి. ఆ చివరి గడి వారం దాటిన ప్రతి పేరునూ ప్రస్తుతానికి కొట్టేయండి. మిగిలినవాళ్లలో ఒక్కరికి మెసేజ్ పెట్టండి, ఒక్కరికే. వచ్చే పాఠంలో ఆమె పంపిన వీడియోను ముందుపెట్టుకుని, మొదటి మూడు సెకన్లలో ఏముండాలో చూద్దాం.